చెక్కతో చేసిన యాక్టివేటెడ్ కార్బన్: లోపలి నానో నిర్మాణాన్ని చూడటం ఎలా

యాక్టివేటెడ్ కార్బన్ అంటే లోపల సన్నని రంధ్రాలు తెరిచి, రంగునీ వాసననీ పట్టి ఉంచేలా చేసిన బొగ్గు. చెక్కతో చేసిన అలాంటి కార్బన్‌ని మొదటిసారి పరిశీలించేవాళ్ళలో చాలామంది చేసే పని ఒకటే. ఎస్ఈఎం (పైతలాన్ని ఎలక్ట్రాన్లతో చూపించే మైక్రోస్కోప్) కింద పెడతారు, తేనెపట్టులా వరుసగా కనిపించే గదుల్ని ఫోటో తీస్తారు, కింద "రంధ్రాలు బాగా ఏర్పడ్డాయి" అని రాస్తారు. నా మొదటి రిపోర్టులో నేనూ అదే రాశాను. అది తప్పు. ఆ గదులు రంధ్రాలు తెరిచే యాక్టివేషన్ వల్ల వచ్చినవి కావు, చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి ఆకు దాకా నీళ్ళు మోసిన గొట్టాలవి. పైన్ లాంటి మెత్తని కలపలో వాటి వెడల్పు 20 నుంచి 40 మైక్రోమీటర్లు ఉంటుంది, టేకు లాంటి గట్టి కలపలో పెద్ద నాళాలు 100 మైక్రోమీటర్లు కూడా దాటుతాయి. కాల్చినా వాటి ఆకారం చెరగదు, కాస్త కుంచించుకుంటాయి అంతే. రంగునీ వాసననీ పట్టి ఉంచే రంధ్రాలు ఆ గొట్టాల గోడల్లోపల ఉంటాయి, వాటి వెడల్పు 1 నానోమీటర్‌కి అటూ ఇటూ. ఫోటోలో కనిపించే గొట్టం కంటే 20 వేల రెట్లు చిన్నవన్నమాట. మామూలు ఎస్ఈఎంకి అవి అందవు.

ఇక్కడ రాస్తున్నది ఆ చిన్న రంధ్రాల గురించి, వాటి చుట్టూ ఉండే కార్బన్ గోడల గురించి. ఒక్క విషయం ముందే చెప్పేస్తాను: ఏ ఒక్క పరికరమూ ఈ పదార్థం నిర్మాణాన్ని పూర్తిగా చూపించదు. గ్యాస్ కొలత ఖాళీ జాగాని చెబుతుంది కానీ గోడని చెప్పదు, ఎక్స్‌రే గోడని చెబుతుంది కానీ సగటుగానే చెబుతుంది, టీఈఎం (ఎలక్ట్రాన్లని శాంపిల్ గుండా పంపే మైక్రోస్కోప్) ఒక మూలని చూపిస్తుంది కానీ అది మిగతా గ్రాము మొత్తానికి గుర్తు కాదు. కాబట్టి ఒకే శాంపిల్‌ని అన్నిటికిందా పెట్టి, ఒకదాని జవాబుతో ఇంకోదాన్ని నిలదీయాలి.

చెక్క ఎందుకు గ్రాఫైట్ కాదు

ఇది తెలియకుండా పరికరం దగ్గరికి వెళ్తే వచ్చిన గ్రాఫ్‌ని చదవలేం, అందుకే కొంచెం ఓపిక పట్టండి.

చెక్కలో 40 నుంచి 50 శాతం సెల్యులోజ్, మిగతాది ఎక్కువగా హెమీసెల్యులోజ్, లిగ్నిన్. గాలి తగలకుండా వేడి చేస్తే హెమీసెల్యులోజ్ ముందు పోతుంది, దాదాపు 220 నుంచి 315 డిగ్రీల సెల్సియస్ మధ్యలో, ఆ తర్వాత 400 లోపు సెల్యులోజ్ పోతుంది. లిగ్నిన్ మాత్రం మొండిది, 200 రాకముందే మొదలై 900 దాకా నిదానంగా విడిపోతూనే ఉంటుంది. చివరికి మిగిలే బొగ్గు, మొదట తీసుకున్న ఎండు చెక్క బరువులో సుమారు పావు వంతు. ఈ మొత్తం ప్రయాణంలో చెక్క ఎక్కడా కరగదు, అదే కీలకం. తారు నుంచి వచ్చే పిచ్ లాంటి పదార్థాలు వేడికి ద్రవంగా మారతాయి, ఆ ద్రవంలో కార్బన్ పొరలు కదిలి ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి, ఇంకా వేడి చేస్తే గ్రాఫైట్ అవుతాయి. చెక్కలో పొరలకి కదిలే అవకాశమే లేదు. ఘనంగా ఉండగానే గట్టిపడిపోతుంది, చిన్న చిన్న పొరలు పుట్టిన చోటే, పుట్టిన దిక్కుకే, వంకరగా చిక్కుకుపోతాయి, మధ్యలో సందులు మిగులుతాయి. మైక్రోపోర్లంటే ఆ సందులే.

దీన్ని మొదట స్పష్టంగా విడదీసి చూపించింది రోజలిండ్ ఫ్రాంక్లిన్. డీఎన్ఏ ఎక్స్‌రే ఫోటోతో అందరికీ తెలిసిన ఆవిడే, అంతకంటే ముందు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బొగ్గు రంధ్రాల మీద పనిచేశారు. 3000 డిగ్రీల దాకా తీసుకెళ్తే గ్రాఫైట్ అయ్యే కార్బన్లు, ఎంత కాల్చినా కాని కార్బన్లు అని రెండు జాతులున్నాయని 1951లో ఎక్స్‌రే కొలతలతో చూపించారు. చెక్క బొగ్గు రెండో జాతిది.

యాక్టివేషన్ అంటే ఆ సందుల్లో అడ్డంగా ఉన్న కార్బన్‌ని తినేసి, మూసుకున్న నోళ్ళు తెరిచి, సందుల్ని వెడల్పు చేయడం. ఆవిరితోనో కార్బన్ డయాక్సైడ్‌తోనో చేస్తే 800 నుంచి 1000 డిగ్రీలు కావాలి. ఫాస్ఫారిక్ ఆమ్లంతో అయితే 400 నుంచి 500 చాలు, అది చెక్క ఇంకా చెక్కగా ఉండగానే పట్టుకుని మార్చేస్తుంది, అందుకే దాంతో చేసిన కార్బన్‌లో కాస్త పెద్ద రంధ్రాలూ, ఆక్సిజన్ గుంపులూ ఎక్కువ. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో 700 నుంచి 850 మధ్య. మీ శాంపిల్ వీటిలో ఏ దారిలో వచ్చిందో, ఎంత బరువు తగ్గిందో సీసా మీద రాసి పెట్టుకోండి. ఈ వివరం లేకపోతే తర్వాత వచ్చే ఏ సంఖ్యకీ అర్థం చెప్పలేరు.

శాంపిల్

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి, అవి పరికరం మీద పడతాయి.

అన్ని పరీక్షలకీ ఒకే బ్యాచ్ వాడండి. ఒకే దుంగలో చేవ కర్రకీ పైన ఉండే తెల్ల కర్రకీ తేడా ఉంటుంది, కొలిమిలో మధ్యన ఉన్న గింజకీ అంచున ఉన్న గింజకీ తేడా ఉంటుంది. మొత్తం కలిపి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసుకుని మళ్ళీ కలిపి, అలా తగ్గించుకుంటూ వచ్చిన పొడిలోంచే ప్రతి పరికరానికీ పంపండి.

నూరేది చేత్తో, అగేట్ కల్వంలో, మెల్లగా. బాల్ మిల్లులో గంటలకొద్దీ తిప్పితే పొడి నున్నగా వస్తుంది కానీ మీరు చూడాలనుకున్న నిర్మాణమే నలిగిపోతుంది.

బూడిద సంగతి మర్చిపోవద్దు. చెక్కలో కాల్షియం, పొటాషియం ఉంటాయి, మట్టి అంటితే సిలికా కూడా. ఇవి బరువుని పెంచుతాయి, అంటే గ్రాముకి ఎంత అని లెక్కేసే ప్రతి సంఖ్యనీ తగ్గిస్తాయి, ఎక్స్‌రేలో సన్నటి పీకులుగా బయటపడతాయి. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, తర్వాత కడిగిన నీళ్ళు తటస్థంగా వచ్చేదాకా వేడి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టండి. సిలికా ఈ ఆమ్లానికి లొంగదు, అది ఉంటే ఉందని రాసుకోండి చాలు.

ఇక దాచడం. ఈ పదార్థం పనే గాలిలో ఉన్నవాటిని పట్టుకోవడం కాబట్టి, మూత సరిగా లేకపోతే గదిలో ఉన్న తేమనీ ద్రావకాల ఆవిరినీ అది తాగేస్తుంది. ఒకసారి నా సీసా అసిటోన్ వాడే బల్ల మీద వారం రోజులు వదులుగా మూతపెట్టి ఉండిపోయింది, ఆ శాంపిల్ డీగ్యాస్ చేయడానికి, అంటే వాక్యూమ్‌లో వేడి చేసి లోపల చిక్కుకున్నవాటిని లాగేయడానికి, రెండు రోజులు పట్టింది, అప్పటికీ ఫలితం మీద నమ్మకం కుదరక మళ్ళీ కొత్తగా తీయాల్సి వచ్చింది. గాజు సీసా, బిగుతైన మూత, వేరే అలమర.

గ్యాస్ అధిశోషణం: ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

డబ్బూ టైమూ ఒక్క పరీక్షకే ఉంటే ఇదే చేయండి. చల్లని గ్యాస్ అణువుల్ని రంధ్రాల్లోకి పంపి, ఏ పీడనం దగ్గర ఎన్ని లోపలికి వెళ్ళాయో లెక్కపెట్టడం. ఆ లెక్కల గీతనే ఐసోథర్మ్ అంటారు. సన్నని రంధ్రంలో రెండు గోడలూ కలిసి అణువుని లాగుతాయి కాబట్టి అది చాలా తక్కువ పీడనం దగ్గరే నిండిపోతుంది, వెడల్పైనది ఆలస్యంగా నిండుతుంది. మొత్తం పద్ధతికి ఆధారం ఇంతే.

రంధ్రాల పేర్లు అంతర్జాతీయంగా స్థిరపడ్డాయి: 2 నానోమీటర్ల లోపు మైక్రోపోర్, 2 నుంచి 50 దాకా మీసోపోర్, 50 దాటితే మాక్రోపోర్. 0.7 లోపు ఉన్నవాటిని అల్ట్రామైక్రోపోర్ అంటారు. పేరులో మైక్రో ఉంది కదా అని మైక్రోమీటర్ అనుకోకండి, కొత్తవాళ్ళు ఇక్కడ తడబడతారు.

ముందు డీగ్యాసింగ్. ఆవిరితో చేసిన కార్బన్ అయితే వాక్యూమ్‌లో 250 నుంచి 300 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసినదో, బాగా ఆక్సీకరణం అయినదో అయితే అంత వేడి వద్దు, గోడ మీద ఆక్సిజన్ ఉన్న కార్బాక్సిల్ గుంపులు ఆ వేడికి విడిపోతాయి, అప్పుడు మీరు కొలిచేది మారిపోయిన కార్బన్‌ని. 150 దగ్గర ఎక్కువసేపు ఉంచడం మంచిది. డీగ్యాస్ అయ్యాక గొట్టాన్ని మళ్ళీ తూచి, ఆ బరువునే లెక్కలో వాడండి. తేమతో ఉన్న బరువు వాడితే మీ సంఖ్యలన్నీ పది పదిహేను శాతం తక్కువ రావడం పెద్ద వింతేమీ కాదు. గొట్టంలో ఎంత పొడి పోయాలంటే, మొత్తం ఉపరితలం కనీసం 50 చదరపు మీటర్లు ఉండేలా చూసుకోండి, అంటే గ్రాముకి 1000 ఉండే కార్బన్ అయితే 50 మిల్లీగ్రాములు. దానికంటే తక్కువైతే తూకంలో చిన్న పొరపాటు కూడా పెద్దదైపోతుంది.

నైట్రోజన్‌తో 77 కెల్విన్ దగ్గర కొలవడం అలవాటుగా అందరూ చేసేది. ద్రవ నైట్రోజన్ సులువుగా దొరుకుతుంది, పోల్చుకోవడానికి పాత డేటా బోలెడు ఉంది. కానీ అంత చలిలో నైట్రోజన్ అణువు బద్ధకంగా కదులుతుంది, 0.5 నానోమీటర్ల సందులోకి దూరడానికి చాలాసేపు పడుతుంది, ఒక్కో పాయింట్‌కి సమతుల్యత రాకముందే పరికరం ముందుకెళ్ళిపోతుంది. పైగా నైట్రోజన్‌కి ఆక్సిజన్ గుంపులంటే ప్రత్యేకమైన ఆకర్షణ, రంధ్రం సైజు వల్ల నిండిందా ఆ గుంపు వల్ల అంటుకుందా అని తేల్చలేం. అందుకే 2015లో రసాయన శాస్త్ర అంతర్జాతీయ సంఘం ఐయూపీఏసీ, మైక్రోపోర్ల కోసం 87 కెల్విన్ దగ్గర ఆర్గాన్ వాడమని సిఫారసు చేసింది. ఆర్గాన్ కుదరకపోతే నైట్రోజన్‌తో పాటు 273 కెల్విన్ దగ్గర, అంటే మంచునీళ్ళ స్నానంలో, కార్బన్ డయాక్సైడ్‌తో కూడా ఒక కొలత తీయండి. ఆ వేడిమిలో అణువులు చురుగ్గా కదులుతాయి, సన్నని సందుల్లోకి నిమిషాల్లో వెళ్తాయి. 273 కెల్విన్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా మారాలంటే సుమారు 34 అట్మాస్ఫియర్ల పీడనం కావాలి, కాబట్టి మామూలు పరికరం ఇచ్చే 1 అట్మాస్ఫియర్‌తో మీరు సాపేక్ష పీడనంలో (ఉన్న పీడనాన్ని గ్యాస్ ద్రవమయ్యే పీడనంతో భాగిస్తే వచ్చేది) 0.03 దాకానే వెళ్తారు, 1 నానోమీటర్ లోపు రంధ్రాలే కనిపిస్తాయి. అది లోపం అనుకోవద్దు, మనకి కావాల్సింది ఆ ముక్కే.

ఇంకో చిన్న విషయం. ఖాళీ జాగా కొలవడానికి హీలియం పంపుతారు కదా, అల్ట్రామైక్రోపోర్లలో 77 కెల్విన్ దగ్గర అది చిక్కుకుని బయటికి రాదు, తర్వాత వచ్చే తక్కువ పీడనం పాయింట్లని పాడు చేస్తుంది. హీలియం కొలతని చివరికి మార్చండి, లేదా హీలియం తర్వాత గది వేడిమి దగ్గర మళ్ళీ వాక్యూమ్ పెట్టండి.

ఐసోథర్మ్ వచ్చాక సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంఖ్య మీదికి దూకకుండా ముందు గీతని చూడండి. మొదట్లోనే నిటారుగా లేచి తర్వాత బల్లపరుపుగా ఉంటే దాదాపు మొత్తం మైక్రోపోర్లే. లేచాక కూడా గుండ్రంగా ఎక్కుతూ పోతుంటే రంధ్రాలు వెడల్పయ్యాయి. వెళ్ళే దారి, తిరిగొచ్చే దారి విడిపోయి లూప్ కడితే మీసోపోర్లున్నాయి. తిరుగు దారి సాపేక్ష పీడనం 0.4 కంటే కిందికి వచ్చినా కలవకపోతే, చాలాసార్లు సమతుల్యతకి టైమ్ చాలలేదని అర్థం.

ఐసోథర్మ్ నుంచి ఉపరితలం లెక్కేసే బీఈటీ గురించి గట్టిగా చెప్పాలి. బ్రునవర్, ఎమ్మెట్, టెల్లర్ 1938లో ఇచ్చిన ఈ సూత్రం చదునైన తలం మీద పొరలు పొరలుగా అంటుకునే గ్యాస్ కోసం. మైక్రోపోర్‌లో పొరలు ఉండవు, రంధ్రం నిండుతుంది. అందుకే సాపేక్ష పీడనం 0.05 నుంచి 0.30 దాకా అనే మామూలు రేంజ్‌ని కళ్ళు మూసుకుని వాడితే తప్పు వస్తుంది. ప్రతి పాయింట్ దగ్గరా అంటుకున్న గ్యాస్ పరిమాణాన్ని, 1 లోంచి సాపేక్ష పీడనం తీసేస్తే వచ్చే సంఖ్యతో గుణించి గీయండి. ఆ గీత ఎక్కుతున్నంతవరకే బీఈటీకి పనికొస్తుంది, దిగడం మొదలైన చోట ఆపండి. ఈ కార్బన్లలో ఆ చోటు చాలాసార్లు 0.1 లోపే ఉంటుంది. బీఈటీ సూత్రంలోని సీ అనే స్థిరాంకం రుణాత్మకంగా వస్తే రేంజ్ తప్పని వెంటనే తెలుస్తుంది. రిపోర్టులో రేంజ్ రాయకుండా చదరపు మీటర్ల సంఖ్య ఒక్కటే ఇచ్చేవాళ్ళని నేను నమ్మను.

ఒక నోటి లెక్క గుర్తుపెట్టుకోండి. ఐసోథర్మ్ బల్లపరుపు భాగంలో వాయువుగా లెక్కేస్తే గ్రాముకి 250 ఘన సెంటీమీటర్ల నైట్రోజన్ అంటుకుందనుకుందాం. దాన్ని ద్రవం ఘనపరిమాణంగా మార్చే 0.001547తో గుణిస్తే 0.39, అది గ్రాముకి ఘన సెంటీమీటర్లలో రంధ్రాల ఘనపరిమాణం. అదే 250ని 4.35తో గుణిస్తే సుమారు 1090, అది చదరపు మీటర్లలో ఉపరితలం ఎంత ఉండొచ్చో చెప్పే ముతక అంచనా. సాఫ్ట్‌వేర్ 1900 అంటే ఎక్కడో తేడా కొట్టింది. ఇంకో హద్దు కూడా ఉంది: 1 గ్రాము కార్బన్ మొత్తాన్ని ఒకే పరమాణువు మందం ఉన్న పొరగా పరిచి రెండు వైపులా కొలిస్తే 2630 చదరపు మీటర్లు. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో చేసిన కొన్ని కార్బన్లకి బీఈటీ 3000 పైన ఇస్తుంది. రంధ్రం నింపిన గ్యాస్‌ని కూడా బీఈటీ గోడకి అంటుకున్న గ్యాస్‌గా లెక్కేయడం దానికి ఒక ముఖ్య కారణం.

రంధ్రాల సైజు కోసం, అణువులు రంధ్రంలో ఎలా నిండుతాయో లెక్కేసే డీఎఫ్‌టీ మోడల్ వాడండి, మీసోపోర్ల కోసం పుట్టిన పాత పద్ధతి బీజేహెచ్‌ని మైక్రోపోర్లకి వాడొద్దు. డీఎఫ్‌టీలో కూడా పాత రకం, గోడలు అద్దంలా నున్నగా ఉన్నాయనుకునేది, 1 నానోమీటర్ దగ్గర రంధ్రాలే లేవన్నట్టు ఒక ఖాళీ చూపిస్తుంది. ఆ ఖాళీ మోడల్‌ది, మీ కార్బన్‌ది కాదు. గోడలు గరుకుగా ఉంటాయని లెక్కలోకి తీసుకునే క్యూఎస్‌డీఎఫ్‌టీ లాంటిది ఎంచుకుంటే అది పోతుంది. అలాగే బీజేహెచ్‌లో తిరుగు దారి నుంచి లెక్కేస్తే 3.8 నానోమీటర్ల దగ్గర ఒక సన్నని, అందమైన పీక్ వస్తుంది. సాపేక్ష పీడనం 0.42 దగ్గర ద్రవ నైట్రోజన్ ఒక్కసారిగా తెగి బయటికి రావడం వల్ల పుట్టే దొంగ పీక్ అది. దాన్ని పట్టుకుని "ఏకరీతి మీసోపోర్లు" అని రాసిన రిపోర్టులు ఎన్ని చూశానో.

భద్రత గురించి రెండు ముక్కలు. ద్రవ నైట్రోజన్‌ని కిటికీలు మూసిన గదిలో వాడొద్దు, ఆవిరై ఆక్సిజన్‌ని పక్కకి నెట్టేస్తుంది. బొగ్గు ఉన్న గొట్టాన్ని మూత లేకుండా ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఉంచొద్దు, గాలిలో ఆక్సిజన్ అందులోకి ద్రవంగా దిగుతుంది, ద్రవ ఆక్సిజన్ పీల్చిన బొగ్గు పేలుడు పదార్థం.

ఎక్స్‌రే

గ్యాస్ సందుల్ని చూపించింది, ఇప్పుడు గోడలు. గ్రాఫైట్‌లో పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లు, రాగి ఎక్స్‌రే గొట్టంతో చూస్తే 26.5 డిగ్రీల కోణం దగ్గర సూదిలాంటి పీక్. మీ కార్బన్‌లో అక్కడ సూది ఉండదు, 22 నుంచి 25 మధ్యలో ఎక్కడో వెడల్పాటి మూపురం, 43 లేదా 44 దగ్గర ఇంకా నీరసమైన ఇంకో మూపురం. 26.5 దగ్గర నిజంగా సూది కనిపిస్తే గ్రాఫైట్ అయిందని సంబరపడేముందు బూడిదలో క్వార్ట్జ్ ఉందేమో చూడండి, దాని ముఖ్యమైన పీక్ 26.6 దగ్గరే.

ఒక లెక్క చేసి చూద్దాం. మూపురం 24 డిగ్రీల దగ్గర ఉంది, సగం ఎత్తులో వెడల్పు 6 డిగ్రీలు. కోణాన్ని దూరంగా మార్చే బ్రాగ్ సూత్రంతో పొరల మధ్య దూరం 0.37 నానోమీటర్లు, గ్రాఫైట్ కంటే వదులు. మూపురం వెడల్పు నుంచి సైజు చెప్పే షెరర్ సూత్రంలో 0.89 స్థిరాంకంతో పొరల దొంతర ఎత్తు సుమారు 1.3 నానోమీటర్లు. భాగిస్తే మూడున్నర, అంటే ఒక్కో దొంతరలో మూడు నాలుగు పొరలకి మించి లేవు. 44 దగ్గరి మూపురానికి కూడా వెడల్పు 6 డిగ్రీలే అయితే, అక్కడ స్థిరాంకం 1.84 వాడాలి, పొర అడ్డంగా 3 నానోమీటర్లు ఉంటుంది. ఇంత చిన్న దొంతరలకి షెరర్ సూత్రం ఖచ్చితమైన కొలబద్ద కాదు, శాంపిల్‌ని శాంపిల్‌తో పోల్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ ఎలా తీసేశారో దాన్నిబట్టి మూపురం చోటు మారిపోతుంది కాబట్టి అన్ని శాంపిల్స్‌కీ ఒకే పద్ధతిలో తీసేయండి. గాజు హోల్డర్ వద్దు, గాజు మూపురం కూడా దాదాపు ఇక్కడే వస్తుంది, పలచని పొడి అయితే రెండూ కలిసిపోతాయి. సిలికాన్ జీరో బ్యాక్‌గ్రౌండ్ హోల్డర్ అడగండి.

రామన్

శాంపిల్ మీద పడిన లేజర్ వెలుగు కాస్త రంగు మారి తిరిగొచ్చే తీరుని చూసే పరీక్ష ఇది. తొందరగా అయిపోతుంది, తొందరగా మోసం కూడా చేస్తుంది. తరంగసంఖ్య 1350 దగ్గర డి బ్యాండ్ (పొరలోని లోపాల వల్ల వచ్చేది), 1590 దగ్గర జి బ్యాండ్ (కార్బన్ పొరదే), రెండూ వెడల్పుగా, మధ్యలో లోయ పూడుకుపోయి ఉంటుంది. లేజర్ పవర్ బాగా తగ్గించండి, నల్లని పొడి వేడెక్కి పీకులు జరిగిపోతాయి, ఒకే చోట రెండుసార్లు తీసి ఒకేలా వస్తేనే నమ్మండి. కనీసం పది చోట్ల తీయండి.

డి ఎత్తుని జి ఎత్తుతో భాగించి "క్రమరాహిత్యం పెరిగింది" అని రాయడం ఫ్యాషన్ అయిపోయింది. ట్యూయిన్‌స్ట్రా, కీనిగ్ 1970లో ఇచ్చిన సంబంధం ప్రకారం పొర చిన్నదయ్యే కొద్దీ ఈ నిష్పత్తి పెరుగుతుంది, నిజమే. కానీ పొర వెడల్పు సుమారు 2 నానోమీటర్ల కంటే తగ్గితే తీరు తిరగబడుతుందని ఫెరారీ, రాబర్ట్‌సన్ 2000లో చూపించారు, అక్కడ పొర పెరిగితే నిష్పత్తి పెరుగుతుంది. చెక్క కార్బన్ సరిగ్గా ఆ మలుపు దగ్గరే కూర్చుని ఉంటుంది. పచ్చ లేజర్‌తో నిష్పత్తి 1 వచ్చిందనుకోండి, పాత సూత్రం 4.4 నానోమీటర్లు అంటుంది, పైన ఎక్స్‌రే 3 అంది. ఇలాంటప్పుడు నేను నిష్పత్తిని పక్కన పెట్టి బ్యాండ్ల వెడల్పుని చూస్తాను. అవి సన్నబడుతుంటే క్రమం పెరుగుతోందని ధైర్యంగా చెప్పొచ్చు.

టీఈఎం: అందమైన ఫోటోలతో జాగ్రత్త

మనిషికి కంటితో చూస్తే కానీ తృప్తి ఉండదు, నాకూ అంతే. అయితే ఇక్కడ చూసేది ఒక నీడని. ఎలక్ట్రాన్ కిరణం 10 నానోమీటర్ల మందం దాటి వస్తే దారిలో పది రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, ఫోటోలో తెల్లగా కనిపించే మచ్చ ఏ ఒక్క రంధ్రమూ కాదు. అందుకే టీఈఎం ఫోటో మీద స్కేలు పెట్టి రంధ్రం సైజు కొలవొద్దు.

గ్రిడ్ తయారీలో రంధ్రాల కార్బన్ ఫిల్మ్ ఉన్న గ్రిడ్ తీసుకోండి, మామూలు ఫిల్మ్ వద్దు. ఫిల్మ్ కూడా కార్బనే, దాని మీద కూర్చున్న ముక్కని చూస్తే ఏది ఫిల్మో ఏది శాంపిలో చెప్పలేం. ఫిల్మ్ కన్నంలోకి వేలాడుతున్న ముక్కల్ని, వాటిలోనూ కత్తి అంచులా పలచబడిన అంచుని మాత్రమే చూడండి. ఇథనాల్‌లో కలిపి చుక్క వేయడం అందరూ చేస్తారు, కానీ ఈ పొడి ఇథనాల్‌ని లోపల దాచుకుని మైక్రోస్కోప్‌లో కక్కుతుంది, కిరణం పడిన చోట నల్లటి మసి పేరుకుంటుంది. పొడిగానే గ్రిడ్ మీద చల్లి, ఊది, వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఉంచితే సమస్య చాలావరకు తగ్గుతుంది. ప్లాస్మాతో శుభ్రం చేద్దామనుకుంటే గుర్తుంచుకోండి, అది మసితో పాటు మీ శాంపిల్‌ని కూడా తింటుంది.

వోల్టేజ్ 80 కిలోవోల్టులు, వీలైతే ఇంకా తక్కువ. 200 దగ్గర ఎలక్ట్రాన్ తాకిడికి పరమాణువులు ఎగిరిపోతాయి, చూస్తుండగానే పొరలు వంగి ఉల్లిపాయ పొరల్లా చుట్టుకుంటాయి, ఆ ఫోటో అచ్చేస్తే మీరు చూపించేది కిరణం చేసిన కార్బన్‌ని. మొదటి ఫోటో, ముప్పై సెకన్ల తర్వాత ఇంకో ఫోటో తీసి పోల్చండి. ఫోకస్ కొంచెం అటూ ఇటూ చేస్తూ మూడు నాలుగు తీయండి, ఫోకస్ మారితే మాయమయ్యే వివరం శాంపిల్‌ది కాదు.

కనిపించే నల్ల గీతలు, కిరణానికి అంచు తిప్పి నిలబడ్డ పొరలు మాత్రమే. పడుకుని ఉన్న పొరలు గీతలుగా కనిపించవు. కాబట్టి గీతలు లేని చోట పొరలు లేవని అనుకోకూడదు. చెక్క కార్బన్‌లో గీతలు చిన్నగా, వంకరగా, ఒంటరిగానో రెండు మూడు కలిసో కనిపిస్తాయి. ఆ వంకర ఎందుకన్నది ఈ రంగంలో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. ఆరు మూలల వలయాలు మాత్రమే ఉంటే పొర చదునుగా ఉండాలి, మధ్యలో ఐదు మూలల వలయం పడితే గిన్నెలా వంగుతుంది. పీటర్ హారిస్, జెంగ్ లియు, కజుటోమో సుయెనాగా 2008లో లెన్స్ దోషాలు సరిదిద్దిన మైక్రోస్కోప్‌తో యాక్టివేటెడ్ కార్బన్‌ని చూసి, అందులో ఐదు మూలల వలయాలు కనిపిస్తున్నాయని ఫోటోలతో చూపించారు. వంగిన పొరలు దగ్గరగా పేర్చలేం కదా, చాపలు పేర్చినట్టు గిన్నెలు ఎటుపడితే అటు పేర్చలేం, సందులు మిగలాల్సిందే. ఎంత కాల్చినా ఇది గ్రాఫైట్ కాకపోవడానికి కూడా ఇది చక్కగా సరిపోయే వివరణ.

వేరు వేరు ముక్కల మీద కనీసం ఇరవై చోట్ల ఫోటోలు తీయండి, అందంగా ఉన్నవే కాదు, మామూలుగా ఉన్నవీ. ఎక్కడో ఒక మూల పది పొరల దొంతర దొరికితే దాన్ని రిపోర్టు మొదటి పేజీలో వేయాలని మనసు లాగుతుంది. ఎక్స్‌రే మూడు నాలుగే అన్నప్పుడు ఆ మూల మినహాయింపు, దాన్ని మినహాయింపుగానే చూపించండి.

మూసుకుపోయిన రంధ్రాలు

గ్యాస్ వెళ్ళలేని రంధ్రం గ్యాస్ కొలతలో లేనట్టే. చిన్నకోణ ఎక్స్‌రే విక్షేపణం, అందరూ సాక్స్ అనేది, నోరు ఉన్నా లేకపోయినా ఖాళీ జాగా అంతటినీ చూస్తుంది. రెండు లాగ్ అక్షాల మీద గీస్తే ఎడమవైపు నిటారుగా దిగే గీత గింజల పైతలానిది, దాని వాలు మైనస్ 4కి దగ్గరగా ఉంటుంది, కుడివైపు భుజంలా వంగేది మైక్రోపోర్లది. యాక్టివేషన్ పెరుగుతున్న కొద్దీ ఆ భుజం ఎడమకి జరిగితే రంధ్రాలు వెడల్పవుతున్నాయి, చోటు మారకుండా గ్యాస్ ఘనపరిమాణం మాత్రం పెరుగుతుంటే ఉన్న రంధ్రాల నోళ్ళు తెరుచుకుంటున్నాయి.

సాక్స్ దొరకకపోతే హీలియం సాంద్రత చూడండి, చవక, తేలిక. గ్రాఫైట్‌కి ఘన సెంటీమీటర్‌కి 2.26 గ్రాములు, బాగా తెరుచుకున్న యాక్టివేటెడ్ కార్బన్ 2.0 నుంచి 2.2 మధ్య వస్తుంది. బూడిద తీసేసిన శాంపిల్‌కి కూడా 1.7 లాంటి సంఖ్య వస్తే హీలియం కూడా దూరలేని గదులు లోపల ఉన్నాయేమో అనుమానించండి. పాదరసం పోరోసిమెట్రీ మాక్రోపోర్లకి తప్ప ఇక్కడ అవసరం లేదు, 400 మెగాపాస్కల్స్ దాకా నొక్కినా 3 నానోమీటర్ల కిందికి అది వెళ్ళదు.

అన్నీ ఎదురెదురుగా పెట్టినప్పుడు

ఒక పెద్ద కాగితం మీద అన్ని సంఖ్యలూ పక్కపక్కన రాయండి. పైన వేసుకున్న లెక్కలనే తీసుకుందాం. ఎక్స్‌రే మూడు నాలుగు పొరల దొంతర అంది. అన్ని పొరలూ ఒంటరిగా ఉంటే 2630, దొంతరలో రెండు బయటి ముఖాలకే గ్యాస్ అందుతుంది కాబట్టి మూడు పొరలైతే దాన్ని మూడుతో భాగించాలి, 880 వస్తుంది, నాలుగైతే 660. గ్యాస్ 1090 అంది. తేడా ఉంది, కానీ ఒక దిక్కుకే ఉంది: ఎక్స్‌రే మూపురం దొంతరల నుంచే వస్తుంది, ఒంటరి పొరలు ఆ పీక్‌లో లెక్కకి రావు. అంటే ఈ కార్బన్‌లో దొంతరలతో పాటు ఒంటరి పొరలు చాలానే ఉండాలి. ఇప్పుడు టీఈఎం ఫోటోలు మళ్ళీ తీసి ఒంటరి గీతలెన్ని, జంటలెన్ని, మూడు పైన ఎన్ని అని లెక్కపెట్టండి. ఒంటరివి గణనీయంగా ఉంటే మూడు కొలతలూ ఒకే కథ చెబుతున్నట్టు. లేకపోతే బీఈటీ రేంజ్ దగ్గరికి, డీగ్యాస్ బరువు దగ్గరికి తిరిగి వెళ్ళండి, నా అనుభవంలో పది సార్లలో ఏడెనిమిది సార్లు తప్పు అక్కడే దొరికింది.

మిగిలిన పొడిని పారేయకండి. తేదీ, బ్యాచ్, కడిగిన పద్ధతి, డీగ్యాస్ వేడిమి రాసి, గాజు సీసాలో బిగించి ఒక 5 గ్రాములు దాచండి. ఆరు నెలల తర్వాత ఎవరైనా ఒక సంఖ్య గురించి అడిగినప్పుడు అదే పొడి మీద మళ్ళీ కొలవగలగాలి.